జాకీ కంటే ముందు స్టాండ్లు కొనండి

ట్రాలీ జాకీ కొందామని దుకాణానికి వెళ్తే మొదట వినపడే మాట ‘ఎన్ని టన్నులది కావాలండీ?’ అని. డబ్బా మీద మనకు అర్థమయ్యే అంకె కూడా అదొక్కటే. అందుకే రెండు టన్నులదా, మూడు టన్నులదా అన్నచోటే ఆలోచనంతా ఆగిపోతుంది. ఇంటి కార్ల విషయంలో నిజానికి ఆ అంకె మనకు చెప్పేది చాలా తక్కువ. మారుతి స్విఫ్ట్ బరువు సుమారు 900 కిలోలు. ఇన్నోవా క్రిస్టా 1800 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఒక మూల ఎత్తినప్పుడు జాకీ మీద పడేది ఇందులో ఒక భాగమే. స్విఫ్ట్‌కయితే మూడు నాలుగు వందల కిలోలు. ఇంజిన్ బరువంతా ముందుండే కార్లను ముందు వైపు మొత్తంగా లేపినా బండి బరువులో దాదాపు అరవై శాతమే మీద పడుతుంది. అంటే మార్కెట్లో దొరికే అతి చిన్న ట్రాలీ జాకీకైనా బలం చాలకపోవడమన్నది మామూలు కార్లకు రాదు. (ఎనిమిది టన్నుల బాటిల్ జాకీ తెచ్చి ఆల్టో కింద పెట్టే ఉత్సాహవంతులకూ కొదవ లేదు.) ఎత్తిన బండి కింద పడే దారులు వేరే ఉన్నాయి. జాకీ పక్కకు జారుతుంది, చక్రాలు దొర్లుతాయి, కింద నేల కుంగుతుంది, లోపల నూనె కారిపోతుంది. టన్నుల అంకె వీటిలో ఒక్కదాన్నీ ఆపలేదు. కాబట్టి జాకీ ఎంచుకునేటప్పుడు ‘ఇది ఏదో ఒకరోజు వదిలేస్తుంది, ఆరోజు ఏమవుతుంది?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలన్నది ఈ వ్యాసం వాదన.

ఎందుకు వదిలేస్తుందో తెలియాలంటే దాని పొట్టలో ఏముందో చూడాలి. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. ఇంగ్లండ్‌లో జోసెఫ్ బ్రామా ఆ సూత్రంతో ప్రెస్సు తయారుచేసి 1795లో పేటెంటు తీసుకున్నాడు. 1851లో న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ మోసుకెళ్ళగలిగే హైడ్రాలిక్ జాకీకి పేటెంటు పొందాడు. సూత్రం అప్పటి నుంచీ అదే. పిడి ఊపితే చిన్న పిస్టన్ నూనెను నెడుతుంది, ఆ నూనె పెద్ద పిస్టన్‌ను నెడుతుంది. చిన్నదాని వ్యాసం 1 సెంటీమీటరు, పెద్దదానిది 4 సెంటీమీటర్లు అయితే వైశాల్యం 16 రెట్లు, బలమూ 16 రెట్లు. పిడి పొడవు వల్ల వచ్చే లాభం దీనికి అదనం. నెట్టిన నూనె వెనక్కి రాకుండా కాపలా కాసేవి మాత్రం చాలా చిన్న వస్తువులు: వాల్వులో ఒక ఉక్కు గోళీ, పిస్టన్ చుట్టూ రబ్బరు సీలు, దింపడానికి తిప్పే స్క్రూ మొన. 3 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ అర టన్ను మోస్తుంటే లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు 70 కిలోలు దాటుతుంది. కారు టైరులో ఉండే గాలి పీడనానికి అది ముప్పై రెట్లు. అంత ఒత్తిడిలో ఉన్న నూనెకు చిన్న సందు చాలు. గోళీ కింద ఇసుక రేణువు చేరినా, సీలు అంచు ఒకచోట తెగినా జాకీ దిగడం మొదలవుతుంది. మెల్లగా దిగితే అదృష్టం. సీలు ఒక్కసారిగా పోతే మెల్లగా దిగడమన్న మాటే ఉండదు. ఇది నాసిరకం సరుకుకు మాత్రమే వచ్చే జబ్బు కాదు. మంచి కంపెనీ జాకీలో కూడా రబ్బరు రబ్బరే, ఏళ్ళు గడిస్తే గట్టిపడుతుంది.

ఇదంతా అతిజాగ్రత్త అనుకునేవాళ్ళు, పెద్ద బరువులతో రోజూ పనిచేసేవాళ్ళు నూనెను ఎంతవరకు నమ్ముతారో చూడాలి. విమానాలను ఎత్తే జాకీల పిస్టన్ మీద పెద్ద లాక్ నట్టు ఉంటుంది. విమానం లేచాక ఆ నట్టును బిగిస్తే, నూనె పోయినా బరువు మరమీద నిలుస్తుంది. వంతెన దూలాన్ని లేపి కింద బేరింగులు మార్చే ఇంజినీర్లు వాడే జాకీలకూ అలాంటి ఏర్పాటే ఉంటుంది. అంతదూరం వెళ్ళక్కర్లేదు, మన ఊళ్ళోని సర్వీస్ సెంటర్లో కారును తల కంటే ఎత్తుకు లేపే రెండు స్తంభాల లిఫ్టును గమనించండి. లేస్తున్నంతసేపూ టకటకమని చప్పుడు వస్తుంది. అది లోపలి ఇనప కొక్కెం ఒక్కో మెట్టులో పడుతున్న శబ్దం. కావలసిన ఎత్తుకు చేరాక పద్ధతి తెలిసిన మెకానిక్ లిఫ్టును కొంచెం కిందికి దించి, బరువును ఆ కొక్కెం మీద కూర్చోబెట్టాకే కారు కిందికి వెళ్తాడు. నూనె ఎత్తుతుంది, ఇనుము మోస్తుంది. ఇంట్లో వాడే ట్రాలీ జాకీలో ఈ రెండో సగం లేదు. దాన్ని విడిగా కొనాలి. దాని పేరే జాక్ స్టాండు.

నాలుగు కాళ్ళు, మధ్యలో పైకీ కిందికీ జరిగే ఒక కమ్మీ, ఆ కమ్మీ జారకుండా పట్టే కొక్కెమో, అడ్డంగా దూర్చే పిన్నో. స్టాండు అంటే ఇంతే. పంపు లేదు, సీలు లేదు, పాడయ్యే భాగాలు దాదాపు లేవు. జాకీ నిచ్చెన లాంటిది. ఎక్కడానికే తప్ప దానిమీద కాపురం ఉండటానికి కాదు. కాబట్టి ఉన్న డబ్బుతో ఖరీదైన జాకీ ఒక్కటే వస్తుందా, మధ్యరకం జాకీతో పాటు జత స్టాండ్లు కూడా వస్తాయా అన్న లెక్క వస్తే రెండోదే సరైనది. ఖరీదైన జాకీ సులువుగా లేస్తుంది, నున్నగా దిగుతుంది, ఎక్కువ ఏళ్ళు వస్తుంది. అవన్నీ సౌకర్యాలు. ప్రాణానికి పూచీ స్టాండు దగ్గర ఉంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది: స్టాండ్లు మాత్రం విరగవా? విరుగుతాయి. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల సంస్థ తన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించింది. తయారీ అచ్చులు అరిగిపోవడంతో కొన్ని స్టాండ్లలో కొక్కెం పళ్ళలోకి తగినంత లోతుగా దిగడం లేదని, బరువు కదిలితే ఒక్కసారిగా జారవచ్చని తేలింది. వాటికి బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కూడా కొన్నింటికి వెల్డింగు లోపం బయటపడి, అదే ఏడాది వాటినీ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కూలి ఎక్కువ కావడంతో ఇంజిన్ ఆయిల్ దగ్గర్నుంచి బ్రేక్ ప్యాడ్ల దాకా సొంత గరాజులోనే మార్చుకునే అమెరికా తెలుగువాళ్ళు వాడకంలో ఉన్న స్టాండు మోడల్ నంబరును ఒకసారి సరిచూసుకోవడం మంచిది. అయితే ఈ ఉదంతం స్టాండ్లు దండగ అని చెప్పడం లేదు. ఏ ఒక్క వస్తువు మీదా ప్రాణం పెట్టకూడదని చెబుతోంది. స్టాండు పెట్టాక జాకీని పూర్తిగా తీసెయ్యకుండా పక్కనే మరో గట్టిచోట ఆనీ ఆననట్టు ఉంచడం, విప్పిన చక్రాన్ని బాడీ అంచు కిందికి తోసెయ్యడం రూపాయి ఖర్చు లేని పనులు. జాకీ, స్టాండు రెండూ ఒకే క్షణంలో దగా చేసినా కారు చక్రం మీద ఆగుతుంది, మధ్యలో కొంతైనా సందు మిగులుతుంది. ఇక కొనేటప్పుడు కొక్కెంతో పాటు అడ్డంగా పిన్ను కూడా దూర్చే రకం దొరికితే దాన్నే తీసుకోవాలి. కమ్మీని కొంచెం పైకి లాగి, అటూ ఇటూ కదిపి, పళ్ళు పూర్తిగా పట్టాయో లేదో దుకాణంలోనే చూడవచ్చు.

‘మా మెకానిక్ ఇరవై ఏళ్ళుగా ఉత్త జాకీ మీదే పెట్టి కింద దూరుతున్నాడు’ అన్నది రెండో అభ్యంతరం. అది నిజమే కావచ్చు. కానీ అలా దూరి బయటికి రానివాడు మనకు సలహా చెప్పడానికి మిగలడు కదా. పైగా ఆ మెకానిక్‌కు చప్పుడు తెలుసు, బండి ఒళ్ళు విరుచుకోవడం తెలుసు, పక్కన కుర్రాడు ఉంటాడు. నెలకోసారి ఆదివారం పూట ఒంటరిగా పని మొదలుపెట్టే ఇంటి యజమానికి ఆ మూడూ ఉండవు.

డిక్కీలో వచ్చే స్క్రూ జాకీ చాలదా అన్నది ఇంకో ప్రశ్న. దానికి దక్కాల్సిన గౌరవం దానికి ఇవ్వాలి. స్క్రూ మర వాలు తక్కువ కాబట్టి బరువు దాన్ని వెనక్కి తిప్పలేదు, నూనె జాకీలా తనంతట తాను దిగదు. దాని లోపమంతా పాదంలో ఉంది. అరచేతి వెడల్పున్న రేకు మీద నిలబడి బండి మూలను మోస్తుంది, పక్క నుంచి చిన్న తోపు పడితే ఒరిగిపోతుంది. రోడ్డు పక్కన స్టెప్నీ మార్చడానికి ఉద్దేశించినదాన్ని ఆ పనికే ఉంచాలి. అన్నట్టు, ఇక ముందు అదీ అందరికీ ఉండకపోవచ్చు. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు పీడనాన్ని కనిపెట్టే పరికరం, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని కేంద్రం 2020లో నిబంధనలు సవరించింది. స్టెప్నీ లేని కారులో జాకీ ఉంటుందన్న భరోసా లేదు.

సరే, ట్రాలీ జాకీయే కొంటున్నాం. టన్నులు కాకపోతే ఏం చూడాలి? మొదట దాని కదలికను అర్థం చేసుకోవాలి. బాటిల్ జాకీ నిటారుగా లేస్తుంది. ట్రాలీ జాకీ చెయ్యి ఒక ఇరుసు చుట్టూ తిరుగుతూ లేస్తుంది కాబట్టి, దాని పైనున్న గిన్నె నేరుగా పైకి పోకుండా వంపు దారిలో పోతుంది. అంటే ఎత్తుతున్నంతసేపూ గిన్నె కొంచెం ముందుకో వెనక్కో జరగాలి. జాకీ చక్రాలు స్వేచ్ఛగా దొర్లితే జాకీయే కారు కిందికి జరిగి ఆ తేడా సర్దుకుంటుంది. దొర్లకపోతే? కారైనా కదలాలి, గిన్నె అయినా పట్టు తప్పి జారాలి. ట్రాలీ జాకీకి గట్టి, చదునైన నేల కావాలనడానికి అసలు కారణం ఇది. మన ఇళ్ళ ముందు చాలాచోట్ల ఆ నేలే ఉండదు. పార్కింగ్ టైళ్ళ మధ్య సందుల్లో చిన్న ఇనప చక్రాలు ఇరుక్కుంటాయి. ఇసుక మీద పరిచిన తాండూరు బండ కింద డొల్ల ఉంటే, అంత బరువు ఆ నాలుగు చక్రాల కింద పడేసరికి బండ పగులుతుంది. మట్టి నేల సంగతి చెప్పనే అక్కర్లేదు. వానాకాలం నల్లరేగడిలో జాకీ బండిని ఎత్తదు, తానే భూమిలోకి దిగుతుంది. గేటు ముందు వాలుగా పోసిన ర్యాంపు మీద ఏ జాకీ వాడినా ప్రమాదమే. అపార్ట్‌మెంటు కింది కాంక్రీటు పార్కింగ్ ఒక్కటే ఈ పనికి ఏర్పరచినట్టు ఉంటుంది. మిగతా చోట్ల జాకీ పూర్తిగా దొర్లేంత పొడవున్న మందపాటి ప్లైవుడ్ పలకను కింద పరచాలి, స్టాండ్ల కాళ్ళ కింద కూడా. ఇవేవీ కుదరని ఇంట్లో ట్రాలీ జాకీ కొనకపోవడమే సరైన ఎంపిక.

తరవాత చూడాల్సినవి రెండు ఎత్తులు. పూర్తిగా దిగినప్పుడు ఎంత, పూర్తిగా లేచినప్పుడు ఎంత. మొదటిదాని గురించి విదేశీ సలహాలు ఎక్కువ కంగారు పెడతాయి. నేలకు రాసుకుంటూ పోయే స్పోర్ట్స్ కార్ల కోసం 8, 9 సెంటీమీటర్లకు దిగే జాకీలున్నాయి. మన గతుకులకు తగ్గట్టు ఎత్తుగా ఉండే స్విఫ్ట్ లాంటి కారుకు నేల నుంచి 16 సెంటీమీటర్ల పైచిలుకు ఖాళీ ఉంటుంది, 13 సెంటీమీటర్లకు దిగే మామూలు జాకీ దూరిపోతుంది. టైరు పూర్తిగా చదునైతే మాత్రం ఇరుకవుతుంది. మనకు ఇబ్బంది పెట్టేది రెండో ఎత్తు. అట్టపెట్టెలో వచ్చే చిన్న 2 టన్నుల జాకీలు సాధారణంగా 33 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. చాలా స్టాండ్ల కనిష్ఠ ఎత్తు 28, 29 సెంటీమీటర్లు. స్టాండు దూర్చాలంటే దానికి మించి కొంచెం ఎత్తాలి, అంటే చిన్న జాకీ తన చిట్టచివరి మెట్టు మీద, చెయ్యి బాగా నిక్కబొడుచుకుని నిలబడాల్సి వస్తుంది. బొలేరో, థార్, స్కార్పియో లాంటి ఛాసిస్ బండ్లకు ఇది అసలే చాలదు. బాడీని ఎత్తుతుంటే స్ప్రింగులు సాగి చక్రం వేలాడుతూనే ఉంటుంది, నేల వదలడానికి చాలా ఎత్తాలి. అందుకే చోటూ, డబ్బూ ఉంటే 45 నుంచి 50 సెంటీమీటర్ల దాకా లేచే 3 టన్నుల గరాజు రకం మేలు. అక్కడ మనం కొంటున్నది మూడో టన్నును కాదు. పొడవాటి వెడల్పాటి అడుగునూ, ఆ ఎత్తునూ, పెద్ద గిన్నెనూ. ఒక్కటే చిక్కు, ఉక్కుతో చేసినదైతే ముప్పై కిలోల పైన తూగుతుంది. మూడో అంతస్తు ఫ్లాటు నుంచి రోజూ దింపి ఎక్కించే వస్తువు కాదది.

దుకాణంలో ఎవరూ చెప్పని సమస్య ఇంకొకటి ఉంది. తలుపుల కింద బాడీ అంచున ముందు చక్రం వెనక, వెనక చక్రం ముందు చిన్న గాట్లు ఉంటాయి, అవే జాకీ పాయింట్లు. ఆ చోట జాకీ పెట్టి ఎత్తాం. మరి స్టాండు ఎక్కడ పెట్టాలి? కంటికి కనిపించే గట్టి చోటు అదొక్కటే, అక్కడ జాకీ ఉంది. కొత్తవాళ్ళు సరిగ్గా ఇక్కడే తికమకపడి, స్టాండును పల్చటి అడుగు రేకు కిందో, ఆయిల్ సంప్ కిందో పెట్టేస్తారు. చాలా కార్లకు ముందు ఇంజిన్‌ను మోసే అడ్డ దూలం మధ్యన, వెనక ఇరుసు దగ్గర ట్రాలీ జాకీ ఆనించే చోటు వేరే ఉంటుంది. అక్కడ ఎత్తితే పక్క గాట్లు రెండూ స్టాండ్లకు ఖాళీగా మిగులుతాయి. ఆ చోటు ఎక్కడో ఒక్కో మోడల్‌కు ఒక్కో రకం కాబట్టి కారు మాన్యువల్ చూడకుండా ఊహించకూడదు. అది మధ్యలో లోపలికి ఉంటుంది కనుక జాకీ పొడవు అక్కడి దాకా అందాలి, చిన్న జాకీకి మరో మైనస్ అన్నమాట. ఎలక్ట్రిక్ కార్లకు ఈ జాగ్రత్త రెట్టింపు. నెక్సాన్ ఈవీ లాంటి వాటిలో సీట్ల కింది నేలంతా బ్యాటరీయే, గిన్నె అక్కడ ఆనితే నష్టం లక్షల్లో ఉంటుంది. గాట్ల దగ్గర ఎత్తేటప్పుడు గిన్నెలో చీలిక ఉన్న రబ్బరు దిమ్మ పెడితే అంచు వంగదు, ఇనుము మీద ఇనుము జారదు.

చక్రాలకు అడ్డు పెట్టడాన్ని చాలామంది లాంఛనంగా చూస్తారు, హ్యాండ్‌బ్రేక్ ఉంది కదా అని. మన కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం మొత్తం లేపితే ఆ బ్రేకు గాలిలో ఉన్న చక్రాలను పట్టుకుని కూర్చుంటుంది. గేరులో పెట్టాం కదా అంటే, ముందు చక్రాలు నడిపే కార్లో ముందు ఒక్క చక్రం లేపగానే డిఫరెన్షియల్ వల్ల ఆ గేరు పట్టు కూడా పోతుంది, లేచిన చక్రం ఉత్తినే తిరుగుతుంది, నేల మీదున్నది దొర్లుతుంది. రెండూ వేయాలి, అయినా చాలవు. నేల మీద మిగిలిన చక్రాలకు రెండు వైపులా దిమ్మలు బిగించాలి. దొరికిన గుండ్రాయి ఈ పనికి రాదు, టైరు దాన్ని తోసుకుంటూ పోతుంది.

లోపలి సామాను సంగతి క్లుప్తంగా. దింపే పిడిని పావు చుట్టు తిప్పినప్పుడు చెయ్యి నెమ్మదిగా దిగే జాకీని ఎంచుకోవాలి, ధడాలున పడేదాన్ని కాదు. శక్తికి మించి బరువు పడితే నూనెను దారి మళ్ళించే ఓవర్‌లోడ్ వాల్వు ఉందో లేదో అడగాలి. ఆ వాల్వు స్క్రూను తరవాత ఎప్పుడూ కెలక్కూడదు. సీల్ కిట్ విడిగా దొరికే రకమైతే సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బాగుచేయించుకోవచ్చు, దొరకని చౌక రకం ఒక్క సీలు పోతే తుక్కు కింద లెక్క. నూనె తగ్గితే బ్రేక్ ఆయిల్ పోసే అలవాటు మానుకోవాలి. అది జాకీ సీళ్ళను ఉబ్బించి పాడుచేస్తుంది, హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో జాకీని పూర్తిగా దించి దాచాలి. పైకి వదిలేస్తే పిస్టన్ మీద తుప్పు గుంటలు పడి, లేచి దిగిన ప్రతిసారీ సీలును గీకుతాయి.

ఇంత తతంగమెందుకు, పనివాడికిస్తే పోలేదా అనే మాట మన దగ్గర చెల్లుతుంది. మెకానిక్ కూలి ఇంకా మనకు అందుబాటులోనే ఉంది. నిజానికి ఇంటి పనుల్లో చాలావాటికి మనిషి కారు కిందికి దూరనక్కర్లేదు. టైర్లు ముందువి వెనక్కి మార్చడం, బ్రేక్ ప్యాడ్ల మందం చూడటం, చక్రం వెనక పేరుకున్న బురద కడగడం, ఇవన్నీ పక్కన కూర్చుని చేసేవి. వాటికి జాకీ, జత స్టాండ్లు, దిమ్మలు ఉంటే చాలు. కిందికి పూర్తిగా దూరాల్సిన ఆయిల్ మార్పిడి, సైలెన్సర్, గేర్‌బాక్స్ పనులను లిఫ్టు ఉన్న షెడ్డుకు వదిలెయ్యడంలో నామోషీ ఏమీ లేదు.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష ఒకటి. చదునైన నేల మీద, చక్రాలకు దిమ్మలు పెట్టి, స్టాండును కొంచెం ఎడంగా కింద ఉంచి, కారు మూలను ఎత్తండి. గిన్నె ఎత్తును టేపుతో కొలిచి రాసుకుని, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా అరగంట వదిలేసి, మళ్ళీ కొలవండి. కంటికి కనపడేంత దిగినా, పిస్టన్ చుట్టూ నూనె తడి కనిపించినా బిల్లు, అట్టపెట్టె పారేయకుండా మర్నాడే దుకాణానికి తీసుకెళ్ళండి. ‘వాడగా వాడగా సర్దుకుంటుందండీ’ అని దుకాణదారు అనవచ్చు. కారే సీలు సర్దుకోదు, వేరేది ఇమ్మని అడగండి.